రెండో సంతకం

1957 జూన్ 14

నిన్న మా ఆయన సంవత్సరీకం అయిపోయింది. వచ్చినవాళ్ళంతా భోంచేసి వెళ్ళారు. అన్నయ్య చేతులు కడుక్కుని సైకిల్ తీస్తూ, ఏమైనా కావాలంటే కబురు పెట్టవే అన్నాడు. ఇదే టైమనుకుని అడిగేశా, ఆయన దగ్గర నువ్వు తీసుకున్న డబ్బు సంగతేమిటన్నయ్యా అని.

సైకిల్‌కి మళ్ళీ స్టాండు వేశాడు. నా మొహం వంక చూడలేదు. కుట్టు మిషను వంక చూస్తూ మాట్లాడాడు. ఆ డబ్బుతో పొగాకు కాల్చే బ్యారన్ కట్టిన ఏడే రేటు పడిపోయిందన్నాడు. బావ బతికుంటే ఇలా అడిగేవాడు కాదన్నాడు. ఇంటి ఆడపడుచువి, నీకూ నాకూ మధ్య లెక్కలేమిటే అన్నాడు.

ఎందుకు లేవు? ఆయన నాకు మిగిల్చింది ఈ మిషనూ, అన్నయ్య రాసిచ్చిన ప్రోనోటూ. జగ్గయ్యపేటలో ఈ రెండు గదుల వాటాకి అద్దె కడుతున్నది రవికలు కుట్టి. పిల్లా జెల్లా లేరు. చూపు ఆనని రోజు వస్తే ఏం తినను? అన్నయ్య వీరరాఘవయ్య అంటే మా పుట్టింటి ఊళ్ళో మోతుబరి. చెల్లెలికి మాత్రం ఇవ్వడానికి లేదు.

1957 జూన్ 27

నందిగామ వెళ్ళి ప్లీడరు గారిని కలిశా. నోటు రాసి ఆగస్టుకి మూడేళ్ళు నిండుతాయట. అది దాటితే చిత్తుకాగితమే అన్నారు. కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, ఈ రెండో సంతకం ఎవరిదమ్మా అని అడిగారు.

ప్రేమానందం మాస్టారిది. మా పుట్టింటి ఊళ్ళో మిషన్ స్కూలు టీచరు. నెల జీతం వచ్చేవాడు ఇంకొకడు సంతకం చేస్తేనే డబ్బిస్తానని మా ఆయన పట్టుబట్టారు. అన్నయ్య ఆ మాస్టార్ని పిలిపించాడు. అది నాకు తెలుసు.

దావా ఇద్దరి మీదా వేద్దాం అన్నారు ప్లీడరు గారు. ముందు నోటీసు.

1957 జూలై 20

అన్నయ్యా, వదినా వచ్చారు. రాఘవమ్మ వదిన గడప లోపలికి రాలేదు. మంచినీళ్ళిస్తే పుచ్చుకోలేదు. పుట్టింటికి పోస్టులో నోటీసు పంపే ఆడపడుచుని ఈ తాలూకాలో చూడలేదంది. అన్నయ్య వీధిలోంచే అరిచాడు. కోర్టు వరండాలో నిలబడే ఆడదాన్ని జనం ఏమంటారో తెలుసా అన్నాడు. ఇక నా గుమ్మం తొక్కొద్దన్నాడు.

నా నోరు పెగల్లేదు. వాళ్ళు వెళ్ళాక అనాల్సినవన్నీ మిషను ముందు కూర్చుని అనుకున్నా.

1957 ఆగస్టు 2

దావా పడింది.

1958 ఫిబ్రవరి 11

ఈరోజు సాక్ష్యాలు. అన్నయ్య బోనెక్కి, సంతకం నాదేనండి, డబ్బు మాత్రం ముట్టలేదండి అన్నాడు. బావ ఇస్తానంటే ముందే రాసిచ్చాననీ, తర్వాత ఆయన ఇవ్వనే లేదనీ ప్రమాణం చేసి చెప్పాడు. ఆయన పేరెత్తి, కళ్ళు తుడుచుకుని మరీ చెప్పాడు. జడ్జి గారు నమ్మేట్టే ఉన్నారు.

తర్వాత ప్రేమానందం మాస్టారు ఎక్కాడు. సన్నగా, తెల్లచొక్కాలో. అన్నయ్య చెప్పినట్టే తనూ చెబితే ఇద్దరూ బయటపడతారు. ఆ సంగతి కోర్టులో అందరికీ తెలుసు, మాస్టారికీ తెలుసు.

"డబ్బు వీరరాఘవయ్య గారు తీసుకున్నారండి. వసారాలో మంచం మీద పెట్టి లెక్కపెట్టారు. నేను చూశానండి."

అన్నయ్య మొహం నల్లబడిపోయింది. కేసు అక్కడే గెలిచాం.

ఆ తర్వాత మాస్టారు తన సంగతి చెప్పుకున్నాడు. చూసినవాడిగా సైన్ చెయ్యమంటే చేశాననీ, అప్పులో తనకి భాగం లేదనీ. మా ప్లీడరు గారు లేచి, పిల్లలకి చదువు చెప్పే టీచరువి, చదవకుండానే సంతకం పెట్టావా అని అడిగారు. "వీరరాఘవయ్య గారు వాకిట్లో నిలబెట్టి పెట్టమంటే, చదివి పెడతానని ఎట్లా అంటానండీ" అన్నాడు. వెనక బెంచీల వాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

1958 మార్చి 4

డిక్రీ వచ్చింది. ఇద్దరి మీదా. ప్లీడరు గారి గుమాస్తా స్వీటు అడిగితే కొనిపెట్టా.

1958 జూలై 9

అన్నయ్య ఇంటికి జప్తుకి వెళ్ళిన కోర్టు అమీనా ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పొలమంతా వదిన పేర ఉంది. నా నోటీసు అందకముందే మారిందని కాగితాలు చూపించారు. ఎడ్లనీ, నాగలినీ, వంటపాత్రల్నీ ముట్టుకోకూడదట. రైతు కాపురమున్న ఇంటినీ ముట్టుకోకూడదట. చట్టం అలా ఉందట. వదిన అమీనాకి మజ్జిగిచ్చింది. తాగి వచ్చాడు.

1958 ఆగస్టు 22

అన్నయ్యని అరెస్టు చేయిద్దామని అర్జీ పెట్టబోతే, అన్నయ్య ఐ.పి. పెట్టేశాడు. దివాలా తీశానని కోర్టుకి రాసిచ్చాక ఇక ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి లేదు. అది ఏళ్ళ తరబడి నడుస్తుందన్నారు ప్లీడరు గారు. దివాలా తీసిన మనిషి నిన్న జగ్గయ్యపేట బజారులో కొత్త పంపుసెట్టు బేరం చేస్తుంటే మా పక్కింటివాళ్ళు చూశారు.

ప్లీడరు గారు పెన్నుకి మూత పెట్టి, రెండో ఆయన ఉన్నాడుగా అన్నారు. చిన్న జీతం కాబట్టి దాన్ని పట్టడానికి లేదు. ఆయన రైతు కాదు కాబట్టి ఇల్లుంటే పట్టొచ్చు. ఇల్లుందా అని అడిగారు.

ఉందండి అన్నా. బస్సులోంచి కనిపిస్తుంది. క్రైస్తవుల గూడెం మొదట్లో, తాటాకు ఇళ్ళ మధ్య ఒకే ఒక్క పెంకుటిల్లు. నీలం తలుపులు.

నేనే చెప్పా.

1958 సెప్టెంబరు 6

సాయంత్రం ప్రేమానందం మాస్టారు, అతని భార్య ఆరోగ్యమ్మ వచ్చారు. అరుగు కింద నిలబడ్డారు. కూర్చోమనలేదు. నేను మిషను ఆపలేదు.

ఆ ఇల్లు తన జీతం డబ్బుతో ఏడాదికో గోడ చొప్పున కట్టుకున్నాడట. తల్లి లూర్దమ్మ మంచాన పడి ఉందట. తనూ ఐ.పి. పెట్టుకోవచ్చు గానీ పెడితే ఉద్యోగం తీసేస్తారట. నెలనెలా ఇంతని కట్టుకుంటాననీ, మొత్తం తీరేదాకా కడతాననీ అన్నాడు. చేతులు కట్టుకునే చెప్పాడు.

"నేను కోర్టులో నిజమే చెప్పానమ్మా" అన్నాడు చివర్లో.

చెబితే? నిజం చెప్పడం మీ ధర్మం, నన్ను ఉద్ధరించడానికి చెప్పారా అన్నా. సంతకం పెట్టేటప్పుడు కళ్ళెక్కడ పెట్టారన్నా. ఇంకా చాలా అన్నా. పక్క వాటాల వాళ్ళు బయటికొచ్చి చూశారు. అన్నయ్య ముందు పెగలని గొంతు ఇంత బాగా పలుకుతుందని నాకు తెలీదు. మాటకి మాట తన్నుకొచ్చింది. అతను తల వంచుకుని విన్నాడు. విన్నకొద్దీ ఇంకా అనాలనిపించింది.

వాళ్ళు వెళ్ళాక ఆకలేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నా.

1958 సెప్టెంబరు 7

నెలనెలా ఇస్తానంటున్నాడు. మాట తప్పే మనిషిలా లేడు. ఒప్పుకుంటా.

1958 అక్టోబరు 15

కోర్టులో మాస్టారు ఇన్‌స్టాల్‌మెంట్లకి అర్జీ పెట్టుకున్నాడు. డిక్రీ అయిపోయాక అప్పిచ్చినవాళ్ళు ఒప్పుకుంటే తప్ప కుదరదట. అంటే నేను ఒప్పుకోవాలి. ఒప్పుకుందామనే వెళ్ళా.

వరండాలో ఆరోగ్యమ్మ నా పక్కకి వచ్చి నిలబడింది. కొంగులో కట్టుకొచ్చిన అరటిపండు తీసి, పొద్దుటనగా బయల్దేరి ఉంటావు, తిను అక్కా అంది.

అక్కా అంది. నన్ను. అమ్మగారూ అనలేదు. చుట్టూ మా వాళ్ళు ఉన్నారు. బెంచీ మీద కూర్చున్న కంచికచర్ల ఆయనెవరో ఇటు తిరిగి చూశాడు. మొహమంతా మంటెక్కింది. పండు తీసుకోలేదు.

లోపల జడ్జి గారు, ఏమ్మా, వాయిదాల పద్ధతికి నీకు సమ్మతమేనా అని అడిగారు. ప్లీడరు గారు నీ ఇష్టం అన్నట్టు చూశారు.

సమ్మతం లేదండి అన్నా.

బయటికొచ్చాక టీకొట్టు దగ్గర అన్నయ్య ఎదురొచ్చాడు. ఐ.పి. వాయిదాకి వచ్చాడట. నోటీసు వెళ్ళిన తర్వాత మొదటిసారి పుష్పా అని పిలిచాడు. మంచి పని చేశావే, బోనెక్కి నా మీదే చెప్పాడు, అనుభవించనీ అన్నాడు. బస్సు దాకా తోడొచ్చి, కండక్టరుతో చెప్పి కిటికీ పక్క సీటిప్పించాడు.

దారి పొడుగునా సంతోషంగానే ఉంది. ఎందుకో రాయను.

1958 డిసెంబరు 3

ఇల్లు జప్తు. చూడాలనిపించి వెళ్ళా. గూడెంలోకి దిగలేదు, రోడ్డు మీద చింతచెట్టు కింద నిలబడ్డా.

జప్తు సంగతి డప్పు కొట్టి చాటాలట. ఆ ఊళ్ళో డప్పు కొట్టేది స్తెఫను. మాస్టారికి సొంత బాబాయి. నేను కొట్టను బాబూ, ఇంకెవర్నైనా పిలిపించండి అన్నాడట. అమీనా కసిరాడు. మాస్టారే వచ్చి ఏదో చెప్పాడు, అప్పుడు భుజానికి తగిలించుకున్నాడు. అమీనా కూర్చుని రాసుకోవడానికి మాస్టారు లోపలినించి కుర్చీ తెచ్చి వేశాడు. తన ఇంటి తలుపు మీద కాగితం అంటించడానికి మైదాపిండి ఉడకబెట్టి ఇచ్చింది ఆరోగ్యమ్మ.

స్కూలు పిల్లలంతా వరసగా నిలబడి చూశారు. స్తెఫను ఇంటి వైపు వీపు పెట్టి కొట్టాడు. అమీనా మాస్టారి పేరూ, తండ్రి పేరూ గట్టిగా చదివాడు.

డప్పు కూలి కూడా నా ఖర్చులోదే. స్తెఫను రోడ్డు మీదికొస్తే నా చేత్తో ఇచ్చా. పైనుంచి వదిలా. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకున్నాడు.

1959 మార్చి 18

వేలం. గూడెం వాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఊళ్ళోవాళ్ళకి గూడెంలో ఇల్లెందుకు? ఒక్కడూ పాడలేదు. ముందే కోర్టు పర్మిషన్ తీసుకున్నాం కాబట్టి నేనే పాడా. ఎదురుపాట లేదు. సగం బాకీకి కూడా రాలేదు. మిగతాది ఇంకా అతని నెత్తినే ఉంటుందమ్మా అని ప్లీడరు గారు ధైర్యం చెప్పారు.

నాకు ఇల్లొచ్చింది. జీవితంలో మొదటి ఇల్లు.

1959 ఏప్రిల్ 5

వేలమైన నెల లోపల డబ్బు కడితే ఇల్లు వెనక్కి ఇచ్చేస్తారట. గూడెంలో అందరూ చందాలు వేసుకుంటున్నారని పాలమనిషి చెప్పింది. ఈస్టరు నించీ ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద దుప్పటి పరుస్తున్నారట. మిరపకాయల కోతకి వెళ్ళిన ఆడవాళ్ళు రోజు కూలి తెచ్చి వేస్తున్నారట. పరిటాల నించీ, మైలవరం నించీ కూడా చుట్టాలు వచ్చి ఇచ్చారట.

వాళ్ళు కడితే నా డబ్బు నాకొస్తుంది. నేను కోర్టుకెక్కింది అందుకే.

వాళ్ళకి అందకూడదని దేవుడి ముందు దీపం పెట్టా.

1959 ఏప్రిల్ 17

అందలేదు.

1959 జూన్ 10

ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి నేను ఉండి తీరాలన్నారు. అమీనా, ఇద్దరు బంట్రోతులు. కూలీలు దొరకరేమోనని అన్నయ్య తన పాలేళ్ళని పంపాడు.

గూడెమంతా నిలబడి ఉంది. ఒక్కరూ నోరెత్తలేదు. తిడతారనుకుని, ఏం అనాలో దారిలో తయారుచేసుకుని వెళ్ళా. అదంతా వృథా అయింది.

సామాను ఎంతో లేదు. బియ్యం కుండలు, పుస్తకాల పెట్టె, గోడ మీద మేరీమాత పటం. పటం తీసిన చోట గోడ తెల్లగా ఉంది. అన్నీ తెచ్చి రోడ్డు మార్జిన్‌లో పెట్టారు. మాస్టారు సాయం పట్టాడు. జాగ్రత్త, జాగ్రత్త అని పాలేళ్ళకే చెబుతున్నాడు.

చివరికి లూర్దమ్మ మిగిలింది. మంచంతో ఎత్తుకొస్తే తలుపులోంచి పట్టలేదు. ఆ మంచం లోపలే బిగించి అల్లారట. ఏటవాలుగా తిప్పారు, నిలువుగా తిప్పబోయారు, ముసలమ్మ జారిపోయింది. అమీనా నా వంక చూసి, ఏం చేద్దామన్నాడు. మంచం కోసెయ్యమన్నా. ఆరోగ్యమ్మ కొడవలి తెచ్చి నులక తనే కోసింది. ముసలమ్మని దుప్పట్లో వేసి, నాలుగు మూలలా పట్టుకుని బయటికి తెచ్చారు.

లూర్దమ్మకి చూపు సరిగ్గా లేదు. ఎక్కడికి నాయనా, నందిగామ ఆసుపత్రికా అని అడిగింది. ఆరోగ్యమ్మ, అవునత్తా అంది. ముసలమ్మకి పక్కన నా తెల్లచీర కనపడి ఉంటుంది. నర్సమ్మనుకుంది. "చల్లగుండు తల్లీ, మావాడి దగ్గర ఎక్కువ తీసుకోమాక" అంది.

ఎవరో ఏడుపు ఆపుకున్న చప్పుడు. అమీనా కాగితం ఇస్తే సంతకం పెట్టా. చదివే పెట్టా.

వాళ్ళని స్కూలు వరండాలో ఉండమన్నారట మిషన్ వాళ్ళు. మాస్టారు వెళ్తూ వెళ్తూ వెనక్కొచ్చాడు. తిడతాడేమో అనుకున్నా. తిడితే బాగుండేది. తాళంచెవి నా చేతికిచ్చి, వెనక తలుపు గడియ కొంచెం పైకెత్తి వెయ్యాలమ్మా, లేకపోతే పడదు అన్నాడు.

అందరూ వెళ్ళాక లోపలికెళ్ళి చూశా. పైకెత్తితేనే పడింది.

1959 జూన్ 24

మూడు రోజులుగా వాన. స్కూలు వరండాలో లూర్దమ్మ పోయింది. పాలమనిషి చెప్పింది. సరే, పాలు పొయ్యి అన్నా.

1959 నవంబరు 11

ఆ ఇంట్లో నేను ఉండలేను. అక్కడ కాపురముంటే మా వాళ్ళు నా చేతి మంచినీళ్ళు తాగరు. అద్దెకిద్దామంటే ఊళ్ళోవాళ్ళు అటు రారు, గూడెం వాళ్ళు తీసుకోరు. మిషన్ కాంపౌండు మేస్త్రీ కృపారావుకి మనిషిని పంపా, సగం అద్దెకిస్తానని. ఆ ఇంట్లో పడుకుంటే నిద్ర పడుతుందా అమ్మా అని కబురు పంపాడు. మేస్త్రీ పని వాడికి కూడా పొగరు.

అన్నయ్య వచ్చాడు. పాడుపెట్టడం ఎందుకే, నాకు ఎడ్లకొట్టానికి పెంకులూ దూలాలూ కావాలి, తోలుకుపోతా అన్నాడు. వచ్చిన కాడికి నయమని సరేనన్నా. ఒక్కరోజులో విప్పేశారు. నీలం తలుపులు కూడా బండికెక్కించారు. మాస్టారు స్కూల్లో ఎక్కాలు చెప్పిస్తున్నాడు, పిల్లల గొంతులు రోడ్డు దాకా వినిపిస్తూనే ఉన్నాయి. దూలాలు దింపుతుంటే ఒక్కసారి ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి.

అన్నయ్య నా చేతిలో కొంత డబ్బు పెట్టాడు. మిగతాది పొగాకు అమ్మాక ఇస్తానన్నాడు. నేను ఊరికే చూస్తుంటే, నోటు రాసిమ్మంటావేమిటే అని నవ్వాడు. నేనూ నవ్వా. రాఘవమ్మ వదిన బొబ్బట్లు పంపింది. సంక్రాంతికి రమ్మంది. అన్నయ్యకి కాఫీ కలిపి ఇచ్చా.

ఇక వాళ్ళ గుమ్మం తొక్కొచ్చు. అన్నయ్య వెళ్ళాక మిషను ముందు కూర్చున్నా. ఏం కుట్టాలో గుర్తు రాలేదు.

1960 ఫిబ్రవరి 9

ఈవేళ నందిగామలో బస్సు క్రిక్కిరిసి ఉంది. కమ్మీ పట్టుకుని ఊగుతున్నా. కూర్చోండమ్మా అని ఎవరో లేచారు. ప్రేమానందం మాస్టారు. కూర్చున్నా. సీటు ఇంకా వెచ్చగా ఉంది. తన ఊరు వచ్చేదాకా నా పక్కనే నిలబడ్డాడు.